కృత్రిమ మేధయు, మా చిన్న ఏజెన్సీయు

గత వేసవిలో ఒకనాటి సాయంకాలము నేను మా వీధి యరుగుమీద కూర్చుండి యుండగా పొరుగూరి పెద్దరైతు ఒకరు వచ్చిరి. ఆయన నాకు చిరకాల పరిచితులు. ఆయన కుమారుడు నాయొద్ద చదువుకొన్నవాడు. కుశలప్రశ్నలైన పిమ్మట వచ్చిన పని చెప్పిరి.

“పంతులుగారూ! మా మనవడు ఇంజనీరింగు పూర్తిచేశాడు. ఉద్యోగం వద్దంటాడు. ఏదో కృత్రిమ మేధట, దానితో ఏజెన్సీ పెడతాడట. కాలవకింద రెండెకరాలు అమ్మి పెట్టుబడి ఇమ్మంటున్నాడు. మీరూ ఆ పనే చేస్తున్నారు గదా! ఇమ్మంటారా, వద్దంటారా?”

నేను వెంటనే ఉత్తరమీయలేదు. రెండెకరముల మాగాణి యనగా తాతతండ్రుల చెమట. దానిని అమ్ముమనుటకును, అమ్మవలదనుటకును గూడ ఒక్క మాట చాలదు. “కూర్చుండుడు. నాకు జరిగినదంతయు చెప్పెదను. ఆపైన మీరే తేల్చుకొనవచ్చును” అంటిని. ఆనాడు ఆయనకు చెప్పినదే నేడు శ్రోతలకు విన్నవించుచున్నాను. మీలో అనేకుల యిండ్లలో ఇట్టి మనుమలుందురు. ఇట్టి ప్రశ్న రేపో మాపో మీ యరుగుమీదికిని వచ్చును.

నేను శాస్త్రజ్ఞుడను గాను. అమరము, శబ్దమంజరి, రఘువంశము గురుముఖమున చదివి, భాషాప్రవీణ పరీక్షలో కృతార్థుడనై, ముప్పదినాలుగేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి 2018వ సంవత్సరమున విరమించితిని. మఱుసటి యేడు నా పూర్వశిష్యుడొకడు తెనాలిలో చిన్న అనువాదపు ఏజెన్సీ తెఱచి నన్నును భాగస్వామిగా రమ్మనెను. ఏజెన్సీ యనగా వింతయైన దేమియు గాదు. ఒరుల పనిని మనము చేసిపెట్టి ప్రతిఫలము పుచ్చుకొను దుకాణము. మందు సీసాలతో వచ్చు కరపత్రములు, నీటి మోటార్ల వాడుక పుస్తకములు, భీమా కాగితములు, దస్తావేజులు ఇంగ్లీషునుండి తెలుగులోనికి మార్చి యిచ్చుట మా పని. మేము నలుగురము: నా శిష్యుడు, నేను, ఇద్దఱు అమ్మాయిలు. ఒక్కొక్కరము రోజునకు ఎనిమిది పుటలకంటె ఎక్కువ చేయలేకపోయెడి వారము.

2022వ సంవత్సరము నవంబరు 30వ తేదీని అమెరికాలోని ఓపెన్ ఏఐ యను సంస్థ చాట్ జీపీటీ యను దానిని లోకమునకు విడుదల చేసెను. కొన్ని మాసములకు నా శిష్యుడు దానిని నాకు చూపించెను. మూడుపుటల ఇంగ్లీషు వ్రాతను దానికిచ్చి, కాఫీ త్రాగి వచ్చునంతలో తెలుగు సిద్ధముగా నుండెను. నాకు సంతోషము కలుగలేదు, భయము కలిగెను. ముప్పదినాలుగేండ్ల చదువు ఒక కాఫీకి సమానమయ్యెనా యనిపించెను.

దాని మర్మమేమో తెలిసికొన్న పిమ్మట ఆ భయము పోలేదు గాని, మఱియొక దిక్కునకు తిరిగినది. ఈ యంత్రమునకు కోట్లకొలది పుటల వ్రాతను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుటకు ఎక్కువ అవకాశమున్నదో లెక్కగట్టుట నేర్పిరి. పిమ్మట మనుష్యులచేత మంచి జవాబేదో, చెడ్డ జవాబేదో చెప్పించి దిద్దిరి. దీనికాధారమైన పద్ధతిని 2017లో గూగుల్ సంస్థలోని పరిశోధకులు ప్రకటించిరి. నేను “ఆవు గడ్డి” అని ఆపినచో మీరు “మేసెను” అని పూరింతురు గదా! ఆ పూరించుటనే మహాద్భుతమైన స్థాయిలో చేయు యంత్రమిది. దానికి అర్థము తెలియునా తెలియదా యని పండితులు వాదించుకొనుచున్నారు. మన పనికి ఆ వాదమక్కఱలేదు. మనము గుర్తుంచుకొనవలసిన దొక్కటే: అది సత్యమైన మాటను వెదకుట లేదు, వచ్చుటకు తగిన మాటను వెదకుచున్నది. పెక్కుమాఱులు ఆ రెండును ఒక్కటే యగును. కానప్పుడే ప్రమాదము.

తాళపత్రముల కాలమున వ్రాయసకాండ్రు ఉండిరి. సి.పి. బ్రౌను దొర కడపలోని తన బంగళాలో సొంత ఖర్చుతో పండితులను, వ్రాయసకాండ్రను పెట్టుకొని, ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూపించిన సంగతి మీరెఱుగుదురు. ఆయన నిఘంటువు 1852లో వెలువడినది. అన్ని ప్రతులు తెప్పించుట యెందులకు? ఏ వ్రాయసకాని ప్రతిని గూడ ఒంటరిగా నమ్మరాదు గనుక. మూఢుడైన వ్రాయసకాడు చెదలు తిన్నచోట ఖాళీ వదలును, లేదా తప్పు వ్రాయును. ఆ తప్పు చూడగానే తెలియును. కొంచెము చదువుకొన్న వ్రాయసకాడు మాత్రము చెదలు తిన్నచోట గణము, యతి సరిపోవునట్లు తన మాట నొకదానిని చేర్చును. అది కవి మాటవలెనే యుండును. పండితునకు నిజమైన శ్రమ వానితోనే.

కృత్రిమ మేధ ఈ రెండవ జాతి వ్రాయసకాడు. 2011లో గూగుల్‌వారు తెలుగునకు అనువాదయంత్రమును తెచ్చినప్పుడు దాని తప్పులకు మేమందఱము నవ్వుకొంటిమి. వెనుకటి యంత్రపు తప్పు నవ్వించెడిది. ఇప్పటి యంత్రపు తప్పు నమ్మించును.

ఈ సంగతి మాకు నష్టముతో గాని తెలియలేదు. 2023లో ఒక వ్యాపారి తన పురుగుమందు కరపత్రమును తెలుగు చేయుమని పంపెను. పని తొందర. యంత్రముచేత చేయించి, నేనే చదివితిని. భాష చక్కగా నుండెను. ఒకటి రెండు సంధులు దిద్ది సరియే యంటిని. అచ్చు గూడ మా పూచీయే యగుటచే 2000 ప్రతులు వేయించితిమి. పంపుటకు ముందునాడు ఒక రైతు, నాయొద్ద చదివినవాడే, పలుకరించుటకు వచ్చి బల్లమీది కరపత్రమును చేతబట్టి చదివెను.

“మాస్టారూ! ఎకరానికి ఇంత మందా? పైరు మాడిపోదూ?” అనెను.

ఇంగ్లీషు మూలము తెఱచి చూచితిమి. అందు హెక్టారునకు 500 మిల్లీలీటర్లని యున్నది. తెలుగులో ఎకరమునకు 500 మిల్లీలీటర్లని వచ్చినది. హెక్టారనగా ఇంచుమించు 2.47 ఎకరములు. కావున ఎకరమునకు పట్టవలసినది 200 మిల్లీలీటర్లు మాత్రమే. రెండున్నర రెట్లు మందు! అంకె మాఱలేదు, కొలత మాఱినది. ఇట్లేల జరిగెనని ఆలోచింపగా నాకు తోచిన కారణమిది: తెలుగు వ్యవసాయపు వ్రాతలలో “ఎకరమునకు” అను మాటయే తఱచుగా వచ్చును. యంత్రము వచ్చుటకు తగిన మాటను వేసినది. నేనును పండితుడనై, సంధులు చూచితిని గాని సంఖ్యలు చూడలేదు. భాష బాగుండుటచేతనే నా కన్ను జాఱిపోయెను.

ఆ 2000 ప్రతులను చింపించి మా ఖర్చుతో మఱల అచ్చు వేయించితిమి. ఆ నెల నా శిష్యుడును నేనును పైసా తీసికొనలేదు. ఆ రైతు ఆ దినమున రాకుండిన యెడల ఏమి జరిగియుండెడిదో తలచుకొన్నచో ఇప్పటికిని నాకు నిద్రపట్టదు. నష్టము మా డబ్బుతో పోయెడిది కాదు. ఎవరి పైరో మాడెడిది, ఎవరి దేహమునకో విషము తగిలెడిది.

అప్పటినుండి మా కార్యాలయమున ఒక కట్టడి యేర్పడినది. ప్రతి కాగితములోని అంకెలను, కొలతలను, తేదీలను, “కాదు, వలదు, కూడదు” అను నిషేధపు మాటలను ఒకరు మూలము చదువుచుండగా మఱియొకరు తెలుగు చూచుచు ఎఱ్ఱపెన్సిలుతో గుర్తుపెట్టవలెను. ఇది మన కరణములు లెక్కలు ఒప్పజెప్పుకొన్న పద్ధతియే. భాష సొగసు ఆ తరువాతి మాట. రెండు సంతకములు లేనిదే కాగితము గడప దాటదు.

ఇట్లు యంత్రమును గుడ్డిగా నమ్మి చెడినవారము మేమొక్కరమే కాదు. అదే 2023వ సంవత్సరము జూను మాసమున న్యూయార్కు నగరములోని ఫెడరల్ న్యాయస్థానము ఇద్దఱు న్యాయవాదులకును వారి సంస్థకును కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించెను. వారు చాట్ జీపీటీ చెప్పిన పూర్వపు తీర్పులను తమ వాదపత్రమున ఉదాహరించిరి. అట్టి తీర్పులు ఎన్నడును లేవు. పేర్లు, సంఖ్యలు, తేదీలు అన్నియు నిజమైన తీర్పులవలెనే యుండెను. మన రెండవ జాతి వ్రాయసకాడు యతిని చక్కగా సరిపెట్టినాడన్నమాట.

మఱియొక సంగతి మాబోటి ఏజెన్సీలకు ఇంకను ముఖ్యమైనది. కెనడా దేశపు విమాన సంస్థ యగు ఎయిర్ కెనడా తన వెబ్‌సైటులో ప్రయాణికుల ప్రశ్నలకు జవాబు చెప్పు యంత్రము నొకదానిని పెట్టెను. అవ్వ మరణింపగా ప్రయాణము చేయవలసి వచ్చిన ఒకనికి, ముందు టిక్కెట్టు కొని పిమ్మట తగ్గింపు కోరవచ్చునని యా యంత్రము చెప్పెను. సంస్థ నిబంధన అట్లు లేదు. అతడు తగవు పెట్టగా, యంత్రము చెప్పినదానికి యంత్రమే బాధ్యురాలని సంస్థ వాదించెను. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు ధర్మాసనము ఆ వాదమును త్రోసివేసి, రుసుములతో గూడ సుమారు 812 కెనడా డాలర్లు చెల్లింపుమనెను. సొమ్ము చిన్నది, ధర్మము పెద్దది. పాలేరు కట్ట తెగగొట్టి పొరుగువాని చేను ముంచినచో ఊరి పెద్దలు పాలేరును పిలువరు, ఆసామిని పిలుతురు. ఇదియు అంతే.

ఇక ధర మాట. యంత్రము వచ్చినదని తెలియగానే వర్తకులు “మీరు చేసేదేముంది? అదే చేస్తోంది గదా, సగం ధరకు చేయండి” అనసాగిరి. కొందఱు మమ్ము విడిచి తామే చేసికొనసాగిరి. వారిలో అందఱును తిరిగి రాలేదు. పుటకింత యని ధర కట్టుకొన్న పద్ధతి మాకు చెడిపోయెను. మూడుదినముల పని ఒకదినమునకు దిగినప్పుడు, పుటల లెక్కన సొమ్మడుగుట న్యాయముగను తోచలేదు. అప్పుడు మేము పనిని రెండుగా విభజించితిమి. పెండ్లిపత్రికలు, ప్రకటనలు మొదలగువానిలో తప్పు దొరలినచో నవ్వులపాలగుదుము, అంతకుమించిన ప్రమాదము లేదు. వానిని యంత్రముచే చేయించి ఒకరు చూచి తక్కువ ధరకే యిత్తుము. మందులు, విద్యుచ్ఛక్తి, ఆస్తి, న్యాయస్థానములకు సంబంధించినవానిని ఇద్దఱు సరిచూచి సంతకము చేసి యిత్తుము. దీనికి వెనుకటి ధరయే. మేము అమ్మునది వ్రాత కాదు, పూచీ. ఈ మాటను వర్తకునకు దాచక చెప్పుదుము. యంత్రము వాడితిమనియు చెప్పుదుము. దాచిన పని ఏనాటికైన బయటపడును.

తెలుగువారు ప్రత్యేకముగా తెలిసికొనదగిన దొకటి కలదు. ఈ యంత్రములు మాటలను చిన్నచిన్న తునకలుగా విఱుచుకొని చదువును. ఆ తునకలను టోకెన్లందురు. యంత్రపు కూలి టోకెన్ల లెక్కన. మొదట వీనిని ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకొని చేసిరి గనుక, తెలుగు మాట అనేక తునకలై, మనకు కూలి హెచ్చుగా పడెడిది. 2024 మేనెలలో ఓపెన్ ఏఐ వారు క్రొత్త యంత్రమును వెలువరించుచు, ఉదాహరణముగా ఇచ్చిన తెలుగు పలుకు వెనుకటి పద్ధతిలో 159 తునకలు కాగా క్రొత్త పద్ధతిలో 45 మాత్రమే యని ప్రకటించిరి. మన దేశమునను మద్రాసు ఐ.ఐ.టి.కి చెందిన ఏఐ4భారత్ బృందము 2023లో రాజ్యాంగము గుర్తించిన 22 భాషలకును పనికివచ్చు అనువాదయంత్రమును అందఱకును ఉచితముగా నిచ్చెను. కావున వ్యయము తగ్గుచున్నది. యంత్రము చౌక యగుకొలదియు, అందఱివద్దను అదే యంత్రముండుటచే, దానిని కలిగియుండుట వలన మాత్రమే ఎవనికిని లాభము రాదు. నాగలి అందఱికిని ఉన్నప్పుడు పంట సేద్యగానిని బట్టియే యుండును.

తరువాత మేము అనువాదముతో ఆగక, యంత్రముతో ఒక వస్తువును నిర్మింప బూనితిమి. నీటి మోటార్లమ్ము వర్తకుడొకడు, రైతులు తెలుగున అడుగు ప్రశ్నలకు సెల్‌ఫోనులో జవాబు చెప్పు సాధనము కావలెననెను. నా శిష్యుడు రెండు దినములలో ఒకటి తయారుచేసి చూపెను. అడిగిన నాలుగు ప్రశ్నలకును గంట కొట్టినట్లు జవాబు చెప్పెను. వర్తకుడు పరమానందభరితుడయ్యెను. దానిని నిజముగా రైతుల చేతికిచ్చుటకు ఐదు మాసములు పట్టెను. చూపుటకు రెండు దినములు, వాడుటకు ఐదు మాసములు! ఈ పనిలో దిగు కుఱ్ఱవారు మొట్టమొదట తెలియవలసిన లెక్క యిది. పెండ్లిచూపులకును కాపురమునకును ఎంత దూరమో దీనికిని అంత దూరము.

ఆ ఐదు మాసములు ఏమి చేసితిమి? ఇక్కడ బడిపంతులు పనికివచ్చెను. మీరు విద్యార్థికి పాఠము వచ్చెనా లేదా యని ఎట్లు తెలిసికొందురు? పరీక్షించి. నేను వర్తకుని దుకాణమున పదునైదు దినములు కూర్చుండి, రైతులు నిజముగా అడుగు ప్రశ్నలను వారి మాటలలోనే వ్రాసికొని, అనుభవజ్ఞుడైన మెకానిక్కుచేత సరియైన జవాబులు చెప్పించి, 120 ప్రశ్నల పత్రము తయారుచేసితిని. మొదటి పరీక్షలో మన యంత్రమునకు వచ్చినవి 71. నాలుగు ప్రశ్నలకు గంట కొట్టినట్లు చెప్పినది ఇదే!

తప్పులు ఎట్టివో వినుడు. పుస్తకములోని భాష వేఱు, రైతు భాష వేఱు. “మోటారు నీళ్ళు లాగడం లేదు” అని రైతు అడుగును. పుస్తకమున ఆ మాటయే లేదు. అంతకంటె పెద్ద తప్పు మఱియొకటి. “మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు, ఏం చేయాలి?” అనునది మా పత్రములో తొమ్మిదవ ప్రశ్న. మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు మోటారు తిరుగలేక మూలుగును. విద్యుత్తును మితిమీఱి లాగుకొని, కొద్దిసేపటిలో దాని తీగచుట్టు మాడిపోవును. యంత్రము ఎనిమిది సలహాల పట్టికను చక్కని తెలుగులో నిచ్చెను. అందు “మొదట స్విచ్చి ఆపుము” అనునది ఐదవది! చదువుటకు బాగుగనే యున్నది. ఆ నాలుగు సలహాలు చదువులోపల మోటారు కాలును. పైగా స్టార్టరు పెట్టె విప్పి చూడుమని గూడ చెప్పెను. ప్రాణాపాయము.

దీనికి మూడు ఉపాయములు చేసితిమి. మొదటిది, తన జ్ఞాపకమునుండి చెప్పనీయక, ప్రశ్నకు తగిన పుటను వెదకి యంత్రము ముందుంచి, దానినిబట్టియే చెప్పుమంటిమి. అనగా కంఠస్థ పరీక్షను పుస్తకము చూచి వ్రాయు పరీక్షగా మార్చితిమి. రెండవది, పుటలో లేనిదానికి “తెలియదు” అని చెప్పి మెకానిక్కుతో మాటలాడింపుమంటిమి. యంత్రముచేత “తెలియదు” అనిపించుట మిక్కిలి కష్టము. ముప్పదినాలుగేండ్లలో పిల్లలచేత ఆ మాట అనిపించుటయు నాకు అంతే కష్టమయ్యెను. మూడవది, విద్యుచ్ఛక్తికి సంబంధించిన ప్రశ్నలకు మొదటి వాక్యమును మేమే వ్రాసి స్థిరపఱచితిమి. దానిని మార్చు అధికారము యంత్రమునకు లేదు.

ఒకచోట దిద్దగా మఱియొకచోట చెడెడిది. కావున చిన్న మార్పు చేసినను 120 ప్రశ్నలును మొదటినుండి అడిగెడివారము. 104 వచ్చిన దినమున సంతోషించితిమి. మఱునాడు ఒక దిద్దుబాటు చేయగా 97కు దిగెను. పరీక్షాపత్రము లేకుండినయెడల ఆ దిగుట మాకు తెలిసియే యుండదు. ఇప్పటికిని మా అమ్మాయి ప్రతి సాయంకాలము ఆనాడు “తెలియదు” అని చెప్పిన ప్రశ్నలను చదివి వ్రాసికొనును. మఱునాటి పని అందుండియే పుట్టును.

కార్యాలయములోని మనుష్యుల గుఱించి చెప్పక విడిచినచో పాపము. యంత్రము వచ్చిన దినములలో ఆ అమ్మాయిలిద్దఱును బిక్కమొగములతో నుండెడివారు. ఒకతె నాతో “మాస్టారూ, మేమిక ఇంటికి పోవలసిందేనా?” అనెను. ఎవరిని తీసివేయలేదు. కాని నిజము దాచను. వారిలో ఒకతె వివాహమై వెడలిపోగా, ఏడాది పొడుగున ఆమెచోట మఱియొకరిని తీసికొనలేదు. తీసికొనవలసిన పని లేకపోయెను. ఆ విధముగా ఒక ఉద్యోగము నిశ్శబ్దముగా మాయమైనది. అటుపిమ్మట నన్ను మఱియొక చింత పట్టుకొనెను. సరిచూచువానికి కన్ను ఎట్లు వచ్చును? ఏండ్లతరబడి తాను చేసి, తప్పులు చేసి, దెబ్బలు తిని గదా! క్రొత్తవారు మొదటినుండియు యంత్రము చేసినదే చూచుచున్నచో, రేపు తప్పు పట్టువారెవరు? చిట్టా వ్రాయుట రానివాడు లెక్క తనిఖీ చేయగలడా? అందుచే ఇంకొకరు అవసరమై తీసికొన్నప్పుడు ఒక నియమము పెట్టితిమి. క్రొత్తగా చేరినవారు మొదటి ఆఱు మాసములు యంత్రమును ముట్టరాదు. కాగితము, కలము, నిఘంటువు. ఇందువలన మాకు కొంత నష్టమే. విత్తనపు గింజలను వండుకొని తినరాదని భరించుచున్నాము.

వర్తకులు మా కిచ్చు కాగితములలో ఒరుల భూముల వివరములు, రోగుల సంగతులు, ఆధారు సంఖ్యలు ఉండును. వానిని యంత్రమునకిచ్చుట యనగా ఎచ్చటనో యున్న పరాయి సంస్థ కంప్యూటరునకు పంపుట. 2023లో మన పార్లమెంటు వ్యక్తుల వివరముల రక్షణకై చట్టము చేసినది. చట్టము లేకున్నను, మనలను నమ్మి యిచ్చిన కాగితమును బజారున పఱచుట ధర్మము గాదు. పేర్లు, సంఖ్యలు తీసివేసి పంపుదుము. తీయ వీలుకానివానిని చేతితోనే చేయుదుము.

ఇక సొమ్ము సంగతి. మా రాబడిలో మూడింట రెండు పాళ్ళు ఒక్క వర్తకునివద్దనుండియే వచ్చుచుండెను. అతడు 2024లో పని మానివేయగా మూడు మాసములు జీతములకు నా పింఛనునుండి సర్దవలసి వచ్చెను. ఒక్క బావిని నమ్ముకొన్న తోట అది యెండిన దినముననే యెండును. మఱియు, పని ముగిసిన రెండు మూడు మాసములకు గాని వర్తకులు సొమ్మీయరు. జీతములు మాత్రము ఒకటవ తేదీన ఈయవలెను. ఈ నడుమ కాలమును దాటలేకయే చిన్న సంస్థలనేకములు మునుగుచున్నవి, బుద్ధి చాలక కాదు.

ఇంతవఱకు విని ఆ పెద్దరైతు “అయితే వద్దనేగా మీ మాట?” అనిరి.

“కాదు” అంటిని. “పనియు మంచిదే, యంత్రమును మంచిదే. వద్దనునది పొలము అమ్ముట. ఈ వ్యాపారమునకు రెండెకరముల పెట్టుబడి అక్కఱలేదు. యంత్రమును నెలకింతయని అద్దెకు తీసికొనవచ్చును. ఒక కంప్యూటరు, ఒక గది, ఆఱు మాసముల తిండి చాలును. లేనిది సొమ్ము గాదు. మీ మనుమని పిలిచి మూడు ప్రశ్నలడుగుడు. నీ పనిని డబ్బిచ్చి కొనువాడు ఒక్కడైనను నేడు ఉన్నాడా? తప్పు జరిగినచో చెల్లించువాడెవడు? యంత్రము లేకుండ ఆ పని నీకు చేతనగునా? మూడింటికిని జవాబు చెప్పగలిగినచో ఆశీర్వదింపుడు. చెప్పలేకున్నచో, అట్టి పని చేయుచున్న వారియొద్ద ఒక యేడు నేర్చుకొమ్మనుడు.”

ఆ కుఱ్ఱవాడు మొదటి రెంటికిని జవాబు చెప్పలేకపోయెనట. మూడవదానికి కొంచెము సేపు ఆలోచించి “రాదు, తాతయ్యా” అనెనట. ఆ మాట విని నాకు వానిపై గౌరవము కలిగెను. “తెలియదు” అని చెప్పుటకు మేము యంత్రమునకు ఐదు మాసములు నేర్పవలసి వచ్చెను గదా!

కాలువ క్రింది రెండెకరములు అమ్మలేదు. ఈ యేడు నాట్లు పడినవి. ఆ కుఱ్ఱవాడు మా కార్యాలయమున చేరి మూడవ మాసము. నిన్న నేను చూచి వదలిన కాగితమొకదానిలో, గ్రాములు అని యుండవలసినచోట కిలోలు అని పడగా, ఎఱ్ఱపెన్సిలుతో చుట్టి నా బల్లమీద పెట్టినాడు. రేపు వాడు సొంతముగా ఏజెన్సీ పెట్టునో, లేదో, అది వాని యిష్టము.

సోదరులారా! ఇకమీదట మందుసీసా కరపత్రమైనను, బ్యాంకు కాగితమైనను, నోటీసైనను చక్కని తెలుగులో మీ చేతికి వచ్చినప్పుడు భాషను చూచి మురిసి సంతకము చేయకుడు. దీనిని సరిచూచినవారెవరని యడుగుడు. అంకెలను మీరే యొకమాఱు చూచుకొనుడు. ఆనాడు మా బల్లమీది కరపత్రమును చూచిన రైతునకు ఇంగ్లీషు రాదు, కంప్యూటరు తెలియదు. ఎకరమునకు ఎంత మందు పట్టునో తెలియును. మమ్ము కాపాడినది ఆ తెలివియే.